అటక మీద కెమెరా

హోర్డింగ్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది రోడ్డు పక్క ప్రకటన బోర్డు. విజయనగరం మయూరి జంక్షన్‌లోనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో తలెత్తితే నగల దుకాణానిదో, కాలేజీ ర్యాంకులదో ఒకటి కనబడుతుంది. పేపరు చదివేవాళ్లకు ఇంకో అర్థమూ తెలుసు: కందిపప్పు గోదాములో దాచి ధర పెరిగాక అమ్ముకునే వ్యాపారి, 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద అతని మీద కేసు. ఈ రెండింటితోనూ పొత్తు లేని మూడో అర్థం, సామాను పోగేసి వదులుకోలేని జబ్బు, అమెరికా టీవీ నుంచి యూట్యూబ్ ముక్కలుగా మన ఫోన్లలోకి వచ్చింది. తలుపు సగమే తెరుచుకునే ఇల్లు. ఛాతీ ఎత్తున కాగితాలు, బట్టలు, డబ్బాలు. వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవగలిగినంత సందు. బయట చెత్త లారీ, లోపల ఏడుస్తున్న ఇంటావిడ.

ఆ వీడియోలు చూసినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "మా అమ్మమ్మ అటకా ఇంతే." ఈ పోలిక ఎంతవరకు నిజం, ఎక్కడ తప్పుతోంది అన్నది తేల్చుకోవడం అవసరం. ఆ కార్యక్రమాలు చూసి నేర్చుకున్న వైద్యాన్ని ఇంట్లో పెద్దవాళ్ల మీద ప్రయోగించే ప్రమాదం ఉంది గనక.

ముందు ఆ కార్యక్రమాల పుట్టుపూర్వోత్తరాలు. 2009 ఆగస్టు 17న ఏ అండ్ ఈ ఛానెల్‌లో 'హోర్డర్స్' మొదలైంది. 2010 మార్చిలో టీఎల్‌సీలో 'హోర్డింగ్: బరీడ్ అలైవ్' వచ్చింది. అదే ఏడాది యానిమల్ ప్లానెట్ వాళ్లు పదుల కొద్దీ పిల్లుల్ని, కుక్కల్ని ఇంట్లో పోగేసుకునేవాళ్ల మీద ఒకటి తీశారు. 2012లో బ్రిటన్ ఛానెల్ 4 కూడా బరిలోకి దిగింది. ఈ తేదీలను ఇంకో తేదీ పక్కన పెట్టి చూడాలి. సామాను పోగేసి వదులుకోలేకపోవడాన్ని విడిగా ఒక జబ్బుగా అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది 2013 మేలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దానికి సొంత స్థానం దక్కింది 2022లో అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పులో. అంటే వైద్య పుస్తకం పేరు పెట్టక ముందే టీవీ దానికి టైటిల్ పెట్టేసింది. జనం మనసులో ఆ జబ్బు రూపం డాక్టరు గదిలో కాక ఎడిటింగ్ గదిలో తయారవడానికి ఇదొక కారణం.

జబ్బు మాత్రం టీవీ కంటే పాతది. న్యూయార్క్ హార్లెమ్‌లో కాలియర్ అన్నదమ్ముల కథ అమెరికాలో సామెతలాంటిది. 1947 మార్చిలో ఆ ఇంట్లో అన్న హోమర్ శవం దొరికింది. చూపు పోయి, కదల్లేని స్థితిలో ఉన్న అతనికి తమ్ముడు లాంగ్లీయే తిండి పెట్టేవాడు. ఆ తమ్ముడు ఏమయ్యాడని రెండు వారాలకు పైగా వెతికారు. చివరికి అదే గదిలో, అన్నకు పది అడుగుల దూరంలో, తను పేర్చిన కట్టలే కూలి మీద పడి చనిపోయి ఉన్నాడు. ఆ ఇంట్లోంచి తీసిన సామాను వంద టన్నులు దాటింది. ఇంత జరిగినా, పరిశోధకులు దీన్ని పద్ధతిగా పట్టించుకున్నది 1993లో ర్యాండీ ఫ్రాస్ట్, రేచెల్ గ్రాస్ రాసిన పరిశోధన పత్రం తర్వాతే.

ఇక టీవీ ఎపిసోడ్ అల్లిక. పదిసార్లు చూస్తే పదకొండోది చూడకుండానే చెప్పేయవచ్చు. ఒక గడువు ఉంటుంది: మునిసిపాలిటీ నోటీసో, ఇల్లు ఖాళీ చేయమన్న ఉత్తర్వో, "ఇది తీయకపోతే మనవల్ని చూడనివ్వను" అన్న కూతురి బెదిరింపో. ఒక సైకాలజిస్టు, ఒక సర్దుడు నిపుణుడు, చెత్త ఎత్తే కూలీలు వస్తారు. చేతిలో ఉన్నది రెండు మూడు రోజులు. మొదటి పూట ఆవిడ ఒప్పుకుంటుంది, మధ్యాహ్నానికి ఎదురు తిరుగుతుంది. కింది పొరలో కుళ్లిందేదో బయటపడుతుంది, సంగీతం మారుతుంది. ఆఖర్న ఖాళీ నేల, కొత్త దుప్పటి, కన్నీళ్లు. తెర మీద రెండు ముక్కల్లో ఒక వాక్యం: ఫలానావారు కౌన్సెలింగ్ తీసుకుంటున్నారు, లేదా వద్దన్నారు. కథకు కావాల్సినవన్నీ ఉన్నాయి. జబ్బుకు కావాల్సింది ఒక్కటి లేదు, వ్యవధి.

అసలు ఈ జబ్బు ఉన్నది సామాన్లో కాదని చూపించిన ఒక ప్రయోగం ఉంది. డేవిడ్ టోలిన్ బృందం 2012లో ప్రచురించింది. ఈ జబ్బు ఉన్నవాళ్లని, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీమళ్లీ పట్టి పీడించే జబ్బు) ఉన్నవాళ్లని, ఏ జబ్బూ లేనివాళ్లని మూడు జట్లుగా తీసుకున్నారు. ఇంటికొచ్చే ప్రకటన కాగితాలు, పాత పేపర్లు తెమ్మన్నారు. మెదడు స్కానర్లో పడుకోబెట్టి ఒక్కో కాగితం చూపిస్తూ అడిగారు: ఇది ఉంచాలా, తురిమే మిషన్లో వెయ్యాలా? "వెయ్యండి" అంటే నిజంగానే తురిమేస్తారు. కొన్ని కాగితాలు వాళ్లవి, కొన్ని పరాయివి. పరాయి కాగితం చూపినప్పుడు జబ్బు ఉన్నవాళ్ల మెదడులో రెండు ప్రాంతాలు మిగతావాళ్ల కంటే మందకొడిగా ఉన్నాయి. ఏది ముఖ్యం, ఎక్కడ తప్పు జరుగుతోంది అని తూచే భాగాలు అవి. తమ సొంత కాగితం చూపగానే అవే భాగాలు మిగతా రెండు జట్ల కంటే విపరీతంగా పనిచేశాయి. అది వాళ్లకి డబ్బు నోటు కాదు, పెళ్లి ఫొటో కాదు, ఎవరో పంపిన ప్రకటన కాగితం.

అంటే ప్రతి చిన్న వస్తువూ ఇల్లు అమ్మాలా వద్దా అన్నంత బరువైన నిర్ణయంగా మారుతుంది. అంత బరువు ఎవరూ రోజుకు వందసార్లు మోయలేరు గనక నిర్ణయాన్ని వాయిదా వేస్తారు. వాయిదా పడ్డ ప్రతి నిర్ణయమూ నేల మీద ఒక వస్తువై కూర్చుంటుంది. మనకు కనిపించే గుట్ట అదే. గుట్టను కెమెరా బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. ఒక మనిషి డబ్బా మూత చేతిలో పట్టుకుని నలభై నిమిషాలు ఆలోచించడాన్ని మాత్రం ఏ ఛానెలూ చూపించలేదు. చూపిస్తే రిమోట్ నొక్కేస్తాం. అందుకే నిర్ణయించే పని లారీకి అప్పజెబుతారు. ఇది నిర్మాతల దుర్మార్గం అనక్కర్లేదు, ఆ ప్రక్రియ లక్షణమే అంత.

ఇప్పుడు మన అటక దగ్గరికి వద్దాం. విజయనగరం కోట చుట్టుపక్కల వీధుల్లో ఒక పాత పెంకుటిల్లు ఊహించుకోండి. అటక మీద ఒక భోషాణం. అందులో పెళ్లినాడు సారెలో వచ్చిన ఇత్తడి బిందెలు, శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోతపోసిన కంచు చెంబులు. పక్కన నాలుగు ఖాళీ గోనె సంచులు, ఒకదాన్లో ఒకటి దూర్చి. బొంత కుట్టడానికి పక్కన పెట్టిన నేత చీరలు. వంటింట్లో మూత ఉన్న ప్రతి ప్లాస్టిక్ డబ్బా. తలుపు వెనక మేకుకి కవర్ల కవరు. పెరటి గోడ కన్నంలో ఉండచుట్టి దోపిన చిక్కు వెంట్రుకలు. సెలవులకు వచ్చిన కూతురు "అమ్మా, ఇవన్నీ ఎందుకే?" అంటే తల్లి తలెత్తకుండా చెప్పే జవాబు: "ఉండనీవే, దేనికో దానికి పనికొస్తాది."

ఇది జబ్బు కాదు. ఎందుకు కాదో చెప్పడానికి ఆ వెంట్రుకల ఉండ చాలు. ఆరు నెలలు దాచిన ఆ ఉండని, వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి రాగానే ఆవిడ ఒక్క క్షణంలో తీసి ఇచ్చేస్తుంది. దాచడానికి ఒక లెక్క, వదలడానికి ఒక గడియ ముందే ఉన్నాయి. పాత చీరలదీ అదే దారి. గంప నెత్తిన పెట్టుకుని స్టీలు సామాన్లమ్మి వస్తుంది. అరుగు మీద చీరలు విప్పి, చిరుగులు వెలుతురుకి పట్టి చూస్తుంది. ఇంటావిడ ఐదు చీరలకి కేరేజీ అడుగుతుంది, ఆవిడ గిన్నె చూపిస్తుంది. "ఇంకో పేంటు ఏస్తే మూత కూడా ఇస్తానమ్మా" అంటుంది. పేంటు వస్తుంది, మూత వస్తుంది. ఇద్దరూ నష్టపోయినట్టు మొహం పెట్టి, ఇద్దరూ గెలిచి వెళ్తారు. పాత ఇనుము, పాడైన ఫ్యాన్లు, మోటార్లు కొంటామని రికార్డు చేసిన గొంతుతో తిరిగే బండి సంగతీ ఇంతే. కొనేవాడు లేని చచ్చు సామాను ఏమైనా మిగిలితే భోగి తెల్లవారుజామున విరిగిన కుర్చీ, చిరిగిన చాప, అరిగిన చీపురు మంటలోకి వెళ్తాయి.

ఈ ఏర్పాట్లలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. భోగి మంట తప్ప మిగతావన్నీ మారకాలు. వస్తువు చెత్తలోకి పోవడం లేదు, ఇంకొకరి పనికి పోతోంది. పోగేసే జబ్బు ఉన్నవాళ్లతో పనిచేసే వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. వాళ్లని పట్టి ఉంచే కారణాల్లో పెద్దది దుబారా భయం. చెత్తలో వెయ్యమంటే గుండె ఆగినంత పనయ్యే వస్తువుని, ఫలానా బడి పిల్లలకి ఇద్దామంటే కొందరు కొంత తేలిగ్గా వదులుతారు. (కొందరు "ఇస్తాను" అని ఇంకో మూల విడిగా పేరుస్తారు. అదీ చూసిన సంగతే.) ఇంటి ముందు లారీ నిలబెట్టి అన్నీ ఒకే గుంతలోకి పంపే టీవీ పద్ధతి, ఆ భయాన్నే సరిగ్గా గురిచూసి కొడుతుంది.

మరి జబ్బు ఎక్కడ మొదలవుతుంది? సామాను ఎంత ఉందన్నది గీత కాదు. వస్తువు విలువతో పని లేకుండా వదలడం కష్టమవ్వాలి, వదలాలంటే మనసు విలవిల్లాడాలి, దాని వల్ల ఇంట్లో గదులు గదులుగా పనికిరాకుండా పోవాలి. అటక నిండితే అది అటక పని. మంచం మీద పడుకోవడానికి చోటు లేక మనిషి కుర్చీలో నిద్రపోతే, పొయ్యి గట్టు కనబడక బయట నుంచి టిఫిన్లు తెచ్చుకుంటే, స్నానాల గదిలో బకెట్టు బదులు పేపర్ల కట్టలుంటే అప్పుడు ఆలోచించాలి. దీన్ని కొలవడానికి ఫ్రాస్ట్ బృందం తయారుచేసిన బొమ్మల పద్ధతి తెలివైనది. వంటిల్లు, పడకగది, ముందుగది ఒక్కోదానికి తొమ్మిదేసి ఫొటోలు, ఖాళీ గది నుంచి పైకప్పు తాకే గుట్ట వరకు. మీ ఇల్లు ఏ ఫొటోలా ఉందో చూపమంటారు. నాలుగో ఫొటో, ఆ పైన అయితే పట్టించుకోవాల్సిందే. టీవీలో కనిపించేవి దాదాపు ఎప్పుడూ ఎనిమిదో, తొమ్మిదో. నాలుగో నంబరు ఇంటిని చూసి "మనది అంత లేదులే" అని ఊరట చెందడానికి ఆ కార్యక్రమాలు బాగా పనికొస్తాయి.

పిసినారితనంతో దీన్ని కలపడం ఇంకో పొరపాటు. పిసినారి దాస్తే లెక్క ఉంటుంది. ఈ మనిషికి తన దగ్గర ఏముందో తెలియదు. ఉన్న కత్తెర దొరక్క ఇంకో కత్తెర కొంటాడు, అలా ఏడు కత్తెర్లు ఒకే గుట్టలో ఉంటాయి.

మన ప్రాంతంలో వినిపించే ఇంకో వివరణ లేమి. హుద్‌హుద్ తుపాను చూశారు, 2018 అక్టోబరులో తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమవడం చూశారు, పొట్ట చేతబట్టుకుని వలసలు పోయారు, అందుకే ఏదీ పారేయరు అంటారు. వినడానికి నిజంలా ఉంటుంది. పొదుపు అలవాటు వరకు నిజమే కావచ్చు కూడా. జబ్బు విషయంలో మాత్రం పరిశోధన అటు మొగ్గడం లేదు. చిన్నప్పటి పేదరికానికీ దీనికీ ముడి 1993 నాటి ఆ మొదటి పరిశీలనలోనే దొరకలేదు. తర్వాత గట్టిగా కనిపించింది మనుషుల్ని పోగొట్టుకోవడం, హింస లాంటి దెబ్బలతో సంబంధం. వంశంలో రావడమూ ఉంది. లక్షణాలు పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్యే తొంగిచూస్తాయి, పదేళ్లకో మెట్టు ఎక్కుతాయి, యాభై ఐదు దాటినవాళ్లలో ఎక్కువగా కనబడుతుంది. ఎంతమందికి ఉంటుందన్న లెక్కల్లో తరచు వినిపించేది వందకు రెండున్నర మంది.

యాభై ఐదు దాటిన వయసు అన్నది శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన మాట. పిల్లలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, ఇంకా దూరంలోనో ఉంటారు. ఇంట్లో ఒక్కరే ముసలమ్మ. అరుగు మీద కూర్చుని బేరమాడే ఓపిక లేదు, సామాన్లమ్మి రాక తగ్గింది, ఫోన్‌లో నొక్కితే అట్టపెట్టె గుమ్మంలోకి వస్తోంది. వస్తువు లోపలికొచ్చే దారి వెడల్పయింది, బయటికి పోయే దారులు ఒక్కొక్కటీ మూసుకుంటున్నాయి. పోగేసే గుణం ఉన్నా, ఇంటినిండా మనుషులుంటే ఎవరో ఒకరు సర్దుతూ అది బయటపడనివ్వరు. ఒంటరి ఇంట్లో అడ్డుండదు. సంక్రాంతికి వచ్చిన పిల్లలు ఒక్కసారిగా చూసి హడలిపోతారు.

అప్పుడే టీవీ పాఠం గుర్తొస్తుంది. అమ్మని గుడికో చుట్టాలింటికో పంపి, నాలుగు గంటల్లో ట్రాక్టరు పిలిచి ఊడ్చేయడం. లేదా ఎలాగూ భోగి కదా అని మంటలో వేసేయడం. చేసినవాళ్లు మంచికే చేస్తారు. ఆవిడకి మాత్రం అది దొంగతనంతో సమానం, కొందరికి చావుతో సమానం. నిర్ణయించే సామర్థ్యం అంతకు ముందు ఎంతుందో అంతే ఉంటుంది, దాని మీద నమ్మకం మాత్రం ఇంకా తగ్గుతుంది. పిల్లల్ని మళ్లీ గుమ్మం దాటనివ్వరు. ఖాళీ చేసిన ఇల్లు మళ్లీ నిండటం ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. 'హోర్డర్స్' కార్యక్రమం సైతం చికిత్సకు, తర్వాతి సాయానికి డబ్బు ఇస్తామని ముందుకొచ్చింది ఇందుకే.

ఆ కార్యక్రమాలకు ఇవ్వాల్సిన మార్కులు కూడా ఇవ్వాలి. గుమ్మం వేసుకుని సిగ్గుతో బతికినవాళ్లకి "నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు" అని తెలిసింది వాటివల్లే. కొన్ని ఎపిసోడ్లలో సైకాలజిస్టు లారీని ఆపి, ఒక బొమ్మ గురించి ఓపిగ్గా మాట్లాడుతుంటే అసలు పని ఎలా ఉంటుందో ఒక నిమిషం మెరుస్తుంది. ఆ నిమిషం కోసం చచ్చిన ఎలుకని మూడు కోణాల్లో చూడాల్సి రావడమే బాధ.

ఇలాంటిది తెలుగులో వస్తే? కుటుంబ తగాదాలను కెమెరా ముందు తీర్చే పంచాయితీలు మన టీవీకి కొత్తేం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆ మనిషి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. ఆ సెక్షన్ మాట్లాడేది వైద్యశాల గురించి, అటక గురించి కాదు. ఊళ్లో ముఖం దాచుకోలేని చిన్న పట్నంలో, కొడుకు సంతకం పెట్టించిన అనుమతిని అనుమతి అనవచ్చా అన్నది చట్టం కంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

చికిత్స ఉంది, కాని అది తెర మీదకి ఎక్కదు. ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ తయారుచేసిన పద్ధతిలో దాదాపు ఇరవై ఆరు విడతలు, అందులో కొన్ని ఇంట్లోనే. పని మొదలయ్యేది పారేయడంతో కాదు, కొత్తది తేకుండా ఉండటంతో. బజారుకి వెళ్లి, చూసి, కొనకుండా తిరిగిరావడం ఒక అభ్యాసం. తర్వాత వస్తువుల్ని జట్లుగా వేరుచేయడం, ఒక్కోదాని గురించి పైకి చెబుతూ ఆలోచించడం. మంచి మార్పు వచ్చేవాళ్లున్నారు, పూర్తిగా బయటపడేవాళ్లు తక్కువ. దీనికని ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు, వెంట ఉండే దిగులు జబ్బుకి మందులు వాడతారు. ఇక్కడివాళ్లకి పెద్ద దిక్కు విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆ పేరు ఎత్తితే ఇంట్లో పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారు గనక ముందు ఫోనుతో మొదలుపెట్టడం తేలిక: 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈలోపు మనిషి ప్రాణం కాపాడే పని ఒకటుంది, దానికి ఎవరి మనసూ మార్చనక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పదేళ్ల అగ్నిప్రమాదాలు పరిశీలిస్తే, ఇళ్లలో జరిగినవాటిలో ఇలాంటి ఇళ్లవి నాలుగు వందలకి ఒక్కటి మాత్రమే. నివారించగలిగిన అగ్నిమరణాల్లో మాత్రం నాలుగో వంతు దాకా అక్కడే జరిగాయి. కాబట్టి మొదటి బేరం చిన్నదిగా ఉండాలి. ఒక్క వస్తువూ గడప దాటదని ముందే మాటివ్వాలి. గ్యాస్ పొయ్యి చుట్టూ రెండు మూరలు, సిలిండర్ దగ్గర కాగితం లేకుండా. దేవుడి దీపం పక్కనున్న బట్టల మూట ఇంకో గోడకి. స్విచ్చుబోర్డు కింద పేర్చిన పేపర్లు అక్కణ్నించి జరగాలి. మంచం నుంచి వీధి తలుపు దాకా, రాత్రి కరెంటు పోతే తడుముకుంటూ నడవగలిగేలా ఒక దారి. దీనికే ఒక పూట పడుతుంది. కొన్ని ఇళ్లలో ఒక వారం. కవర్ల కవరు ఆ మేకుకే వేలాడుతూ ఉంటుంది.